41 సైజు కొన్నా చిటికెనవేలు నలుగుతూనే ఉంది, ఏం చేయను?

ఈ వారం ఉత్తరం బెంగళూరు మారతహళ్లి నుంచి వచ్చింది. రాసినావిడ వయసు 36. సొంతూరు ధర్మవరం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆరేళ్ల బాబు ఉన్నాడు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

రెండేళ్ల క్రితం బరువు తగ్గుదామని సైకిల్ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, అపార్ట్‌మెంట్ వాళ్లతో కలిసి నంది కొండకి వెళ్లొస్తున్నారు. మొదట్లో మామూలు స్పోర్ట్స్ షూతో తొక్కేవారు, ఏ ఇబ్బందీ లేదు. గ్రూపులో అందరూ షూని పట్టి ఉంచే క్లిప్ పెడల్స్‌కి మారి, “నువ్వూ మారితేనే ఎక్కుడులో మాతో రాగలవు” అన్నారు. ఇందిరానగర్‌లో ఒక షాపుకి వెళ్తే 39 సైజులో పాదం దూరనే లేదు. 40 బిగుతు. చివరికి షాపతను మగవాళ్ల మోడల్ 41 చేతిలో పెట్టి “వాడగా వాడగా సాగుతుంది మేడమ్” అన్నాడు. 7,500 పెట్టి కొన్నారు. ఆరు నెలలైనా సాగలేదు. వేళ్ల ముందు ఖాళీ ఉంది, మడమ లేస్తోంది, పక్కల మాత్రం పట్టకారుతో పట్టినట్టుంది. నలభై కిలోమీటర్లు దాటేసరికి అరికాలి ముందు భాగం మండుతుంది. ఆ తర్వాత మూడో వేలు, నాలుగో వేలు మొద్దుబారతాయి. పోయిన నెల టిన్ ఫ్యాక్టరీ సిగ్నల్ దగ్గర కాలు సమయానికి క్లిప్ నుంచి ఊడి రాక పక్కకి పడిపోయారు. వెనక వస్తున్న బస్సు ఆగింది కాబట్టి మోచేయి గీసుకుపోవడంతో పోయింది.

ఉత్తరంలో ఒక భాగం ఆవిడ మాటల్లోనే: “అమ్మమ్మ చిన్నప్పుడే అనేది అక్కా, ఆడపిల్లకి చేటంత పాదాలేంటే అని. పెళ్లిచూపుల్లో కుచ్చిళ్లు కిందికి లాక్కుని పాదాలు దాచుకున్నాను. బాబు పుట్టాక ఇంకా పెద్దవైనట్టున్నాయి. ఆ షాపులో కుర్రాడు నా పాదం చూసి పక్క కుర్రాడి వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇంటికొచ్చి షూ విప్పితే మెట్టెల అచ్చు కూడా ఎర్రగా పడి ఉంటుంది.”

ఎనిమిది వారాల్లో జరగబోయే 200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణానికి, పేరిచ్చారు. “ఇంకో జత కొనే ముందు అసలు ఇదంతా అవసరమా అని ఆలోచించు” అన్నారట వాళ్లాయన. ఆవిడ అడుగుతున్నవి మూడు. 42 సైజు కొననా? అమెరికాలో ఉన్న ఆడపడుచు డిసెంబరులో వస్తోంది, అక్కడి నుంచి తెప్పించుకోనా? లేక బ్రెవే మానేయనా?

మీరు నన్ను అక్కా అన్నారు. ఆ చనువుతోనే ముందు టిన్ ఫ్యాక్టరీ సంగతి చెబుతాను. మొద్దుబారిన కాలితో క్లిప్ ఊడదీయడం కష్టం. మడమని పక్కకి తిప్పితేనే క్లీట్, అంటే షూ అడుగున ఉండి పెడల్‌ని పట్టుకునే ముక్క, ఊడుతుంది. మీ షూలో మడమ తిరుగుతుంది కానీ షూ దానితో పాటు వెంటనే తిరగడం లేదు, లోపల ఖాళీ ఉంది కాబట్టి. అందుకే ఆ రోజు పడ్డారు. తప్పు మీ చురుకుదనానిది కాదు. షూ సంగతి తేలేదాకా ఊరి రోడ్ల మీద పాత పెడల్స్ వేసుకోండి. మార్చడానికి పది నిమిషాలు చాలు. ఈ ఒక్కటీ సలహా కాదు, బతిమాలడం అనుకోండి. మిగతావన్నీ మీ ఇష్టం.

ఇక 42 ప్రశ్న. షూ మీద ఉండే యూరప్ నంబరు పొడవుని చెబుతుంది, వెడల్పుని కాదు. ఒక్కో నంబరుకి పొడవు సుమారు 6.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది, వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే. 39 నుంచి 41కి వెళ్లినప్పుడు మీకు ముందు వైపు 13 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చింది. పక్కలకి వచ్చింది ఏమీ లేనట్టే. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బొటనవేలి కీలు నుంచి చిటికెనవేలి కీలు దాకా ఉన్న చోటే పాదం బాగా వెడల్పు. షూలో కూడా అలాంటి వెడల్పు చోటు ఒకటి ఉంటుంది. షూ పొడవైతే ఆ చోటు ముందుకి జరుగుతుంది. అప్పుడు మీ పాదం వెడల్పు భాగం షూలో సన్నబడే చోట ఇరుక్కుంటుంది. క్లీట్ కూడా వేళ్ల వైపు జరిగిపోతుంది. గట్టి అడుగు మీద, వేళ్లకి దగ్గరగా, ఒకే చోట ఒత్తిడి పడితే మంట పుట్టక ఏమవుతుంది? వేళ్లకి వెళ్లే నరాలు పాదం ఎముకల మధ్య సందుల్లోంచే వెళ్తాయి. పక్కల నుంచి నొక్కితే ఆ సందులు మూసుకుపోతాయి. మూడు, నాలుగు వేళ్ల మధ్య ఇది మిగతా చోట్ల కంటే ఎక్కువ జరుగుతుంది. మీకు మొద్దుబారేవీ అవే. కాబట్టి 42 కొంటే మడమ ఇంకా లేస్తుంది, పక్కలు ఇలాగే ఉంటాయి.

“వాడగా సాగుతుంది” అన్న మాట తోలు చెప్పులకి నిజం. మన ఊళ్లో కొత్త చెప్పు కరిస్తే ఆముదం రాసి పది రోజులు తొడిగేవాళ్లం, దారికొచ్చేది. సైక్లింగ్ షూ పైభాగం ఎక్కువగా కృత్రిమ తోలు. అడుగు నైలాన్‌దో కార్బన్‌దో, వంగకుండా ఉండటమే దాని పని. పైభాగం ఓ పిసరు సాగినా అడుగు వెడల్పు ఎప్పటికీ పెరగదు. ఆరు నెలలు ఓపిక పట్టారు. ఇక పట్టక్కర్లేదు.

ఇప్పుడు మీ పాదాల గురించి. మాకు పక్కనే చెన్నై అడయారులో కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ ఉంది. 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను అక్కడి శాస్త్రవేత్తలు 3డి స్కానర్లతో కొలిపించారు. మన వాళ్ల పాదం ముందు భాగం పాశ్చాత్యుల పాదం కంటే వెడల్పుగా ఉంటుందని తేలింది. దాన్నిబట్టే ‘భా’ అనే కొత్త సైజుల పద్ధతి ప్రతిపాదించారు. సైక్లింగ్ షూ తయారీకి వాడే అచ్చులు మాత్రం చాలాకాలంగా యూరప్ రేసర్ల పాదం చూసి చేసినవి. ఆడవాళ్ల మోడళ్ల అచ్చు ఇంకా సన్నం. బాబు పుట్టాక పాదాలు పెద్దవయ్యాయన్నది కూడా మీ భ్రమ కాదు. కాన్పుతో కొందరికి అరికాలి వంపు కాస్త దిగి, పాదం పొడవూ వెడల్పూ పెరుగుతాయి, మళ్లీ వెనక్కి రావు. కుచ్చిళ్ల కింద దాచుకోవాల్సిన పాదాలు కావు అవి. ఆ కుర్రాడి చూపు నన్నూ బాధపెట్టింది. ఆ షాపులో బాగా వెడల్పు పాదానికి తగ్గ జత ఒక్కటీ లేకపోవడం వాళ్ల కొరత, మీది కాదు.

ఈ ఆదివారం రైడ్ నుంచి వచ్చాక, సాయంత్రం పూట ఒక పని చేయండి. సాయంత్రమే ఎందుకంటే రోజంతా నడిచి, వేడికి పాదం ఉబ్బుతుంది. తొక్కేటప్పుడూ అలాగే ఉబ్బుతుంది. పాత న్యూస్ పేపర్ గోడకి ఆనించి నేల మీద పరవండి. తొక్కేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకుని, మడమ గోడకి తగిలేలా నిలబడండి. కూర్చుని కొలవకండి, బరువు పడితేనే పాదం విచ్చుకుంటుంది. వంగితే బరువు మారుతుంది కాబట్టి వేరే ఎవరితోనైనా గీయించుకోవాలి. పెన్సిల్ నిట్టనిలువుగా పట్టి చుట్టూ గీయమనండి. బాబుకి ఆరేళ్లు కదా, సరదాగా గీస్తాడు, కానీ పెన్సిల్ పాదం కిందికి వంచకుండా చూడండి. గోడ నుంచి అన్నింటికంటే పొడుగు వేలి కొస దాకా ఒక కొలత. బొటనవేలి కీలు నుంచి చిటికెనవేలి కీలు దాకా ఇంకో కొలత. రెండు పాదాలూ కొలవండి, పెద్దదే లెక్క.

తర్వాత 41 షూ లోపలి మెత్తటి అట్ట బయటికి తీసి దాని మీద నిలబడండి. నేను ఇలా మొదటిసారి నిలబడినప్పుడు నా చిటికెనవేలు పూర్తిగా నేల మీద ఉంది, అట్ట మీద లేనే లేదు. మూడేళ్లు ఆ వేలిని రోజూ మడిచి లోపలికి తోశానన్నమాట. పక్కన కాసిన ఆనెకాయ ఇంకా ఉంది. మీ వేలు కూడా అంచు దాటితే ఆ షూ మీది కాదని తేలిపోతుంది. వేరే పరీక్ష అక్కర్లేదు.

మీరు ఉత్తరంలో దారినపోతూ రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మెట్టెల అచ్చు ఎర్రగా పడి ఉంటుందన్నారు. చోటు లేని షూలో రెండో వేలికి మెట్టె ఉంటే అది మూడో వేలిని పక్కకి నెడుతుంది, మూడోది నాలుగోదాన్ని. మీకు మొద్దుబారే వేళ్లు అవే. మెట్టె ఒక్కటే కారణం అనను, కానీ ఉన్న చోటులో అది కూడా వాటా తీసుకుంటోంది. సైక్లింగ్ గురించి చెప్పే మగవాళ్లెవరికీ ఇది తట్టదు. తీసేయమని నేను చెప్పను, అది మీ మనసుకీ మీ ఇంటికీ సంబంధించిన విషయం. నేనైతే బయల్దేరే ముందు తీసి చిన్న డబ్బాలో పెట్టి, ఇంటికొచ్చి స్నానం చేశాక పెట్టుకుంటాను. మా అత్తగారితో ముందే ఒక మాట చెప్పాను. మొదట మొహం చిన్నబుచ్చుకున్నా, నా వేలి పక్క పుండు చూశాక ఆవిడే గుర్తుచేయడం మొదలుపెట్టింది. తీయడం ఇష్టం లేకపోతే రైడ్ రోజుకి సన్నటి తీగ మెట్టెలు వేసుకోవచ్చు. తీయాలా వద్దా అన్నది తేలకపోతే, ఒక్క రైడ్ అవి లేకుండా వెళ్లి తేడా ఎంతో చూసుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

చేతిలో ఉన్న 41నే ఓర్చుకునేలా చేసుకోవడం ఒకటి. క్లీట్ బోల్టులు వదులు చేసి, ఎంత వీలైతే అంత మడమ వైపు జరపండి. మంట తగ్గించే ఖర్చులేని పని ఇదే. జరిపాక సీటు ఓ రెండు మూడు మిల్లీమీటర్లు దించాల్సి రావచ్చు. సాక్స్ పల్చటివి వేసుకోండి. వేళ్ల దగ్గరి పట్టీ వదులుగా, పైన మడమ దగ్గరిది బిగువుగా ఉంచండి. చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. చెప్పులు కుట్టే అతని దగ్గర చెక్క అచ్చు ఉంటే రెండు రాత్రులు వేసి ఉంచమనండి, చిటికెనవేలి పక్క కొద్దిగా లొంగుతుంది. ఇవన్నీ చేస్తే నలభై కిలోమీటర్ల దగ్గర మొదలయ్యే మంట అరవై దగ్గర మొదలుకావచ్చు. 200కి మాత్రం ఇది చాలదు.

వెడల్పు అచ్చు మీద చేసిన షూ కొనడం రెండోది. షిమానో తన కొన్ని మోడళ్లని ‘వైడ్’ అని విడిగా చేస్తుంది. పొడవు అదే, ముందు భాగం వెడల్పు. ఇటలీ కంపెనీ సిడి వాళ్ల ‘మెగా’ మోడళ్లూ అంతే. షాపుకి ఫోన్ చేసి “39 ఉందా” అని అడక్కండి, “39 వైడ్ ఉందా, తెప్పించగలరా” అని అడగండి. సెంటీమీటర్లలో మీ పొడవు చెప్పండి. షిమానో లెక్కలో 39 అంటే 24.5 సెంటీమీటర్లు, 40 అంటే 25.2. షాపులో వైడ్ జతలు సిద్ధంగా ఉండటం తక్కువ, కొన్ని వారాలు ఆగాల్సి రావచ్చు. తెప్పించాక సాయంత్రం పూట వెళ్లి, తొడుక్కుని కాసేపు నిలబడే ఉండండి. వేళ్లు కదపగలగాలి, మడమ లేవకూడదు. ఈ రెండింట్లో ఏది లేకపోయినా వద్దనేయండి. ఈసారి “సాగుతుంది” అన్న మాట వినొద్దు.

ఇక్కడే ఇంకో మాట. మీ షూ అడుగున మూడు బోల్టుల పెద్ద ప్లాస్టిక్ క్లీట్ ఉందని రాశారు. అది రేసు షూ పద్ధతి. మౌంటెన్ బైక్, గ్రావెల్ (కంకర దారి) షూలకి రెండు బోల్టుల చిన్న క్లీట్ ఉంటుంది. షిమానో 1990లో తెచ్చిన పద్ధతి ఇది. ఆ షూల ముందు భాగం సాధారణంగా కాస్త విశాలంగా ఉంటుంది. క్లీట్ అడుగులోకి దిగి ఉంటుంది కాబట్టి హోటల్లో టైల్స్ మీద జారకుండా నడవొచ్చు. పెడల్స్ కూడా మార్చాలి, ఖర్చు పెరుగుతుంది. అయినా బ్రెవేలో దారిపొడవునా హాజరు వేయించుకునే చోటల్లా దిగి నడవాల్సిన మనిషికి నేను ఇదే మేలంటాను.

అమెరికా నుంచి తెప్పించుకోవడం మూడోది. అక్కడ దొరికే రకాలు ఎక్కువ. లేక్ అనే కంపెనీ వెడల్పు, ఇంకా వెడల్పు అని రకరకాల అచ్చుల్లో ఇస్తుంది. ఆస్ట్రేలియా కంపెనీ బాంట్ షూని 70 డిగ్రీల దగ్గర వేడి చేసి పాదానికి తగ్గట్టు మలుచుకోవచ్చు. దయచేసి మిగతా షూలని ఓవెన్‌లో పెట్టకండి, జిగురు ఊడిపోతుంది. అసలు చిక్కు ఏమిటంటే, మీ ఆడపడుచు తెచ్చాక సరిపోకపోతే వెనక్కి పంపే దారి ఉండదు. ధర కూడా మీరు ఇప్పుడు పెట్టినదానికి చాలా రెట్లు ఉంటుంది. తెప్పించాలనుకుంటే ఆ పేపర్ గీతని ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి, కంపెనీకే మెయిల్ చేయండి, ఏ అచ్చు సరిపోతుందో వాళ్లనే అడగండి. సైజు నంబరు ఒక్కటే చెప్పి ఆర్డర్ పెడితే మళ్లీ ఇదే కథ. పైగా డిసెంబరు మీ బ్రెవేకి అందదు.

ఇక నాలుగోది. మీరు అడగలేదు కానీ నా మనసు ఎక్కువగా అటే మొగ్గుతోంది. బ్రెవేకి క్లిప్ పెడల్ ఉండాలన్న నియమమే లేదు. చిన్న పిన్నులున్న వెడల్పు ఫ్లాట్ పెడల్స్ వేసుకుని, అడుగు కాస్త గట్టిగా ఉన్న మీ పాత స్పోర్ట్స్ షూతో వెళ్లండి. నిలకడైన వేగంతో తొక్కేటప్పుడు క్లిప్ వల్ల శక్తి పెద్దగా ఆదా కాదని ప్రయోగాల్లో కొలిచి చూశారు. గతుకుల్లో కాలు జారకపోవడం, నిలబడి గట్టిగా తొక్కేటప్పుడు పట్టు దొరకడం క్లిప్ వల్ల వచ్చే లాభాలు, వాటిని కాదనను. నంది చివరి ఏడెనిమిది కిలోమీటర్ల ఎక్కుడులో మీ గ్రూపు కంటే ఓ రెండు నిమిషాలు వెనకబడతారేమో. 200కి ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. అంటే దిగిన సమయంతో కలిపి గంటకి 15 కిలోమీటర్లు పడితే చాలు. అంతసేపూ వేళ్లు మొద్దుబారకుండా తొక్కగలిగితే మీరు హాయిగా పూర్తిచేస్తారు. క్లిప్ లేకుండా ఉండలేనంటే, క్లీట్ బిగించుకునే సైక్లింగ్ శాండిల్స్ కూడా షిమానో చేసింది. వేళ్లు బయటే ఉంటాయి కాబట్టి మనలాంటి పాదాలకి బాగా నప్పుతాయి. ఇక్కడ వెతుక్కోవాలి, వానొస్తే కాళ్లు తడుస్తాయి, అంతే.

బ్రెవే మానేయొద్దనే నా కోరిక. మానేసినా తప్పు లేదు, 200 బ్రెవేలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. కానీ షూ కోసం మానేయకండి.

మీ ఆయన మాట గురించి. ఆయన సైకిల్ వద్దంటున్నారో, బస్సు ముందు పడ్డారని భయపడుతున్నారో ఉత్తరంలో తెలియడం లేదు. డబ్బు గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది, లోపల భయం ఉండొచ్చు. ఆ పేపర్ మీద పాదం గీయమని ఆయన్నే అడిగి చూడండి. అట్ట మీద మీరు నిలబడితే వేలు ఎక్కడుందో ఆయనకీ కనబడుతుంది. అప్పుడు ఇంకో జత ఎందుకో విడిగా వాదించక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. సైకిల్ దిగి, షూ విప్పి, ఓ గంట గడిచాక కూడా మొద్దు వదలకపోయినా, తొక్కని రోజుల్లో అరికాళ్లు మండినా, దాన్ని షూ మీదికి నెట్టేయకండి. ఎముకల డాక్టరుకి చూపించండి, షుగర్ పరీక్ష చేయించండి. మన ఇళ్లల్లో షుగర్ ఎంత మామూలో మీకు తెలుసు.

41 జత పారేయకండి. క్లీట్లు విప్పి, తుడిచి, మీ గ్రూపులోనే అమ్మకానికి పెట్టండి. సన్నటి పొడుగు పాదం ఉన్న వాళ్లెవరికో అది సరిగ్గా సరిపోతుంది, వచ్చినంత డబ్బు కొత్త పెడల్స్‌కి పనికొస్తుంది. పాదం కొలిచాక ఆ రెండు అంకెలూ నాకు రాయండి. 39 వైడ్ చాలా, 40 వైడ్ కావాలా అన్నది అప్పుడు చెబుతాను.